హాంకౌ టీ ఇటుకను తాగేసిన వైనం

చైనా వాళ్ళు పండించి, రష్యా వాళ్ళు అచ్చు వేయించి, నది మీద పొగ ఓడలకెక్కించిన ఒక మహా వ్యాపారానికి సింగపూర్‌లో ఒక కుటుంబం దగ్గర మిగిలిన ఒకే ఒక్క గుర్తును నేను అల్లం దంచి వేసుకుని తాగేశాను. పంచదార ఎక్కువైందని వంక కూడా పెట్టాను. అక్కడితో ఆగినా కొంత పరువు దక్కేది. ఆగలేదు. ఆ తరవాత చేసినదానితో పోలిస్తే తాగడం చాలా మర్యాదైన పని. జరిగింది జరిగినట్టు చెబుతాను. నన్ను వెనకేసుకురావడానికి ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని మీరు వెతక్కండి, నేను ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

అవి ఇంటర్నెట్ బూమ్ రోజులు. పేరు చివర డాట్‌కామ్ అని తగిలిస్తే పుల్లట్ల బండికి కూడా పెట్టుబడి దొరికేది. నేను రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్ళి, అక్కడ ఏదో కోర్సు చేశాననిపించి, సింగపూర్‌లో మూర్తిగారి కంపెనీలో తేలాను. మూర్తిగారిది కాకినాడ. జురాంగ్ ఈస్ట్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఆయన ఆఫీసు. కింద నుంచి మూలుగులు వినిపిస్తుంటే పైన మేము వెబ్‌సైట్లు కట్టేవాళ్ళం. కొన్నిసార్లు ఆ మూలుగులు మావే.

నన్ను సింగపూర్‌లో ఉండనిచ్చే ఉద్యోగపు పాస్ గడువు దగ్గర పడింది. అది మళ్ళీ రావాలంటే మూర్తిగారు సంతకం పెట్టాలి. ఆయనేమో ఒక్కటే షరతు పెట్టారు.

"చూడు కామేశం, ఈ చైనా వాళ్ళ వెబ్‌సైట్ లాంచ్ సవ్యంగా అయ్యిందా, సంతకం పెడతాను. తేడా వచ్చిందా, నువ్వు మళ్ళీ గోదావరి నీళ్ళు తాగుదువుగాని."

గోదావరి నీళ్ళంటే నాకేం భయం లేదు. అయితే అప్పుడే అక్కడ నాకు పెళ్ళి కుదిరింది. పిల్ల ఒప్పుకున్నది సింగపూర్‌ని చూసి. నా ఫొటో చూశాక కూడా ఆ ఒప్పుదల నిలబడిందంటే అది పూర్తిగా సింగపూర్ గొప్పతనమే. పాస్ పోతే పిల్ల కూడా పోయేలా ఉంది. కనక ఈ కథ పొడుగునా నా ప్రాణం ఆ సంతకం మీదే ఉందని గుర్తుంచుకోండి.

ఇక ఆ చైనా వాళ్ళు. పాత వర్తక కుటుంబం. కంపెనీ పెద్ద ఒక ముసలావిడ. అందరూ ఆవిణ్ణి "ఆ మా" అనేవారు, అంటే వాళ్ళ భాషలో మామ్మ. ఆవిడ మనవరాలు లిన్ వ్యాపారం చూసుకునేది, వెబ్‌సైట్ ముచ్చట కూడా ఆ పిల్లదే. మొదటి పేజీలో వంశ చరిత్ర ఉండాలంది. చరిత్రంతా టైపు చేసి ఇచ్చింది కూడా. దాన్ని నేను ఒక్క ముక్క చదవకుండా ఎత్తి పేజీలో అతికించాను. ఆ కాలంలో మా పని తీరే అంత. అక్షరాలు ఎడమ నుంచి కుడికి పరిగెడుతున్నాయా, రంగులు మిణుకుమిణుకుమంటున్నాయా అని చూసేవాళ్ళం, ఏం రాసుందో చదవడం మా డిపార్ట్‌మెంట్ కాదు. చదివి ఉంటే ఈ కథే లేదు.

ఒక శనివారం నన్ను బెడోక్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి రమ్మన్నారు. ఆ మాకి ఇంగ్లిషు రాదు. నాకు చైనీస్ రాదు. మధ్యలో ఉండాల్సిన లిన్ మొబైల్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. ఆవిడ కమలాపండు వలిచి పెట్టింది, తిన్నాను. ఇంకోటి పెట్టింది, అదీ తిన్నాను. ఇక లేస్తానన్నట్టు సైగ చేస్తే ఆవిడ అద్దాల బీరువా తెరిచి, అందులోంచి నల్లటి దిమ్మ ఒకటి తీసి, ఎర్ర కాగితంలో చుట్టి, రెండు చేతులతో నాకందించింది.

ఇప్పుడు మీరే చెప్పండి. పెద్దావిడ. వెళ్ళే ముందు. ఎర్ర కాగితం. రెండు చేతులు. మన ఇళ్ళలో అయితే దానికి అర్థమేమిటి? మా వైపు ఎవరింటికి వెళ్ళినా వట్టి చేతులతో పంపరు. పండో, జాకెట్టు ముక్కో, డబ్బాలో పోసిన జంతికలో, ఏదో ఒకటి చేతిలో పెడతారు. మనం "ఇవన్నీ ఎందుకండీ" అనాలి, వాళ్ళు "ఉండనీ బాబూ" అనాలి, మనం తీసుకోవాలి, వాళ్ళ ఎదురుగా విప్పి చూడకూడదు. నేను ఆ తంతులో ఒక్కటి కూడా తప్పలేదు.

"ఇవన్నీ ఎందుకండీ మామ్మగారూ," అన్నాను తెలుగులోనే.

ఆవిడ చైనీస్‌లో ఏదో అంది. "ఉండనీ బాబూ" అనే అయ్యుంటుందని తీసుకున్నాను. సింగపూర్‌లో విజిటింగ్ కార్డు కూడా రెండు చేతులతోనే ఇస్తారనీ, రోజూ కళ్ళారా చూస్తున్నాననీ ఆ క్షణంలో తోచలేదు. ఇంకో కమలాపండు కూడా జేబులో వేసుకుని రైలెక్కాను.

జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌లో నాతో పాటు సలీం ఉండేవాడు. హైదరాబాద్ పాతబస్తీ వాడు, బ్యాంకులో ప్రోగ్రామరు, టీ విషయంలో మాత్రం పీఠాధిపతి. సింగపూర్‌లో తాగదగ్గ టీ లేదని వారానికోసారి తీర్మానం చేసేవాడు. వాడి ఎదురుగా ఎర్ర కాగితం విప్పాను. బెల్లం అచ్చుకి నల్లరంగు వేసినట్టుంది. పైన ఓడ బొమ్మ, పొగగొట్టం, ఏవో విదేశీ అక్షరాలు.

"గిదేంది భాయ్?" అన్నాడు సలీం.

"చైనా మిఠాయి అనుకుంటాను. మామ్మగారు పెట్టింది," అని అంచు కొరికాను. పన్ను కదిలింది. పళ్ళ డాక్టరు పైన ఉద్యోగం చేయడంలోని సౌకర్యం మొదటిసారి తెలిసింది.

సలీం దాన్ని లాక్కుని వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాడు. "మిఠాయి గాదు. చాయ్ పత్తి భాయ్ ఇది. ఒత్తి గట్టిగ జేసిండ్రు. నువ్వు జరుగు, నేను జూస్కుంటా."

చపాతీ కర్రతో నాలుగు దెబ్బలు వేశాడు. ఒక మూల ఊడింది. డబ్బా పాలు, అల్లం, ఏలకులు, పంచదార, దాని మీద ఆ మూల ముక్క, అన్నీ కలిపి పొంగించాడు. తాగితే పాత బీరువా, కట్టెల పొయ్యి, దేవుడి గది, మూడూ ఒకేసారి గుర్తొచ్చాయి. సలీంకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"సింగపూర్ల ఇయ్యాల చాయ్ తాగిన," అన్నాడు.

అలాంటి వార్త దాగదు. ఆదివారం మా బ్లాకులో ఉన్న తెలుగువాళ్ళంతా ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, గ్లాసు పట్టుకుని కూచున్నారు. పంచదార ఎక్కువైందని నేనన్నది అప్పుడే. సాయంత్రానికి ఓడ ముందు భాగం, పొగగొట్టం, ఒకటి రెండు అక్షరాలు మా కడుపుల్లో ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే లిన్ ఫోన్ చేసింది. ఆ పిల్ల మాట్లాడింది ఇంగ్లిషులో, నేను తెలుగులో చెబుతున్నాను. సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే "లా" మాత్రం అచ్చంగా ఆమెదే.

"కామేష్, ఇటుక భద్రంగా ఉంది కదా?"

"ఏ ఇటుక?"

"టీ ఇటుక లా. ఫొటో తీయమని ఆ మా నీకిచ్చింది కదా. శుక్రవారం లాంచ్‌లో అద్దాల పెట్టెలో పెట్టాలి. పెట్టె వచ్చేసింది."

నేను స్విచ్ ఆపేసిన ఫ్యాన్‌లా నెమ్మదిగా ఆగిపోయాను.

"అది చాలా పాతదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"జోక్ చేస్తున్నావా? ఆ పేజీ నువ్వే కదా కట్టావు."

అప్పుడు తెరిచి చదివాను, నా చేత్తో నేనే మిణుకుమిణుకుమనిపించిన పేజీని. యుద్ధంలో ఓడిపోయి, ఒడంబడికల మీద సంతకాలు పెట్టి, చైనా చక్రవర్తి యాంగ్‌ట్సీ నది మీది రేవుల్ని విదేశీయులకి తెరవవలసి వచ్చిందట. అందులో ఒకటి హాంకౌ. సముద్రానికి ఎంతో దూరంగా, దేశం లోపల, నది ఒడ్డున పెద్ద టీ బజారు. రష్యా వర్తకులు అక్కడ కార్ఖానాలు పెట్టి, టీ పొడిని ఇటుకల్లా అచ్చుపోయించి, మంచు దేశాలకి పంపేవారట. ఆ దొరలకీ ఊళ్ళో టీ అమ్మేవాళ్ళకీ మధ్య నిలబడి బేరం తెగ్గొట్టే దుబాసీ ఒకాయన ఉండేవాడు. మన మచిలీపట్నంలోనూ చెన్నపట్నంలోనూ దొరల పక్కన ఉండేవాళ్ళే, అలాంటివాడు. ఆయనే మన మామ్మగారి మామగారికి తండ్రి. ఆయన చేతి మీదుగా వెళ్ళిన సరుకులో మిగిలినది ఈ ఒక్క ఇటుకే. ఈ చివరి వాక్యాన్ని నేను ఎర్ర రంగులో పరిగెత్తించాను కూడా.

సలీంకి చదివి వినిపించాను. వాడు మిగిలిన ఇటుకని తీసి మళ్ళీ వాసన చూశాడు.

"మంచి మాల్ అని నాకు అప్పుడే అనిపించింది భాయ్," అన్నాడు.

"నా పాస్ పోతుంది సలీమూ. పెళ్ళి కూడా పోతుంది."

"ఆగు. ఇది నల్లగున్నది. నల్లగ, గట్టిగ, అతుక్కునేది ఇంకేమున్నది చెప్పు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోకంలో ఎన్ని జాతులున్నా ఆ ప్రశ్నకి ఆ జవాబు చెప్పగలిగింది మాత్రం మా జాతి ఒక్కటే.

"చింతపండు," అన్నాం ఇద్దరం.

లిటిల్ ఇండియా పచారీ కొట్టులో మనిషి నాకు మంచి మాటే చెప్పబోయాడు. "కొత్త చింతపండు వచ్చింది సార్, ఎర్రగా బాగుంటుంది."

"పాతది కావాలి."

"ఇదిగోండి పోయినేటిది."

"ఇంకా పాతది. నల్లగా ఉండాలి. చూస్తే తినబుద్ధి కాకూడదు."

ఆయన నన్ను జాలిగా చూసి, మూల నుంచి ఎవరూ కొనని ఉప్పు చింతపండు మూట దులిపి ఇచ్చాడు. మచ్చలేని నలుపు. ఇంటికి తెచ్చి, మామూలు టీ పొడి కలిపి పిసికి, ఊడిన మూలకి దట్టించాం. మిగిలిన ఓడని చూసుకుంటూ పళ్ళపుల్లతో పొగగొట్టం చెక్కాను. అది పొగగొట్టంలా కాక ధ్వజస్తంభంలా వచ్చింది. సలీం దాని పైన పొగ పెడదామన్నాడు గాని అప్పటికే నాకు కళ మీద నమ్మకం పోయింది. హెయిర్ డ్రయ్యర్‌తో ఎండబెట్టాం. సింగపూర్ గాలిలో ఉతికిన బనీనే ఆరదు, చింతపండు ఎక్కడ ఆరుతుంది? పైపైన గట్టిపడింది, లోపల ముద్దగానే ఉంది. దూరం నుంచి ఫొటో తీసి, ఒరిజినల్ కన్నా గంభీరంగా ఉందని ఒకరినొకరు మెచ్చుకుని, మర్నాడు లిన్‌కి రెండు చేతులతో అందించాను.

శుక్రవారం లాంచ్. సింగపూర్ నది ఒడ్డున వాళ్ళ పాత గోదామునే ఆఫీసుగా మార్చుకున్నారు, అందులో హాలు. మధ్యలో అద్దాల పెట్టె, దానిలో ఇటుక. నా ధ్వజస్తంభం గోడ వైపు వచ్చేలా నేనే సర్దాను. పెట్టుబడి పెట్టడానికి వచ్చిన బ్యాంకు పెద్దమనిషి ఒకాయన ఎర్ర టై కట్టుకుని ముందు వరసలో కూచున్నాడు. మూర్తిగారు కొత్త కోటు వేసుకుని, "సంతకం పెట్టే పెన్ను కూడా తెచ్చానోయ్," అని జేబు చూపించారు.

ఆ మా మౌసు నొక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద ఏమీ రాలేదు.

తప్పు నాదే. ఇటుక ఫొటో ఎంత పెద్దదిగా ఉంటే నా శిల్పం అంత బాగుంటుందనుకుని, ఉన్నంత సైజులో పెట్టేశాను. ఆనాటి మోడెమ్ దాన్ని మోయలేక మోస్తూ, పై నుంచి కిందికి ఒక్కొక్క పోగే దింపుతోంది. చప్పట్లు అయిపోయాయి. దగ్గులు మొదలయ్యాయి. ఓడ జెండా కూడా ఇంకా కనిపించలేదు.

ఆ మాకి విసుగొచ్చి ఏదో అంది. లిన్ నవ్వుతూ అందరికీ చెప్పింది. "ఈ కంప్యూటర్ పెట్టె బొమ్మ గీసేలోపు తాగడానికి ఏమైనా ఇవ్వమంటోంది ఆ మా. హాంకౌ టీ గురించి ఎంతసేపు చదువుతారు, రుచి చూడండి అంటోంది."

నేను లేచి నిలబడ్డాను. "వద్దండి. అది పురాతన వస్తువు. ముట్టుకోకూడదు."

"టీ తాగడానికే లా," అంది లిన్, మామ్మ మాటనే చెబుతూ.

ఆ మా అద్దాల పెట్టె మూత తీసి ఇటుక మీద చెయ్యి వేసింది. ఆ ఇటుకకి నాలుగు మూలలున్నాయి. మూడు రాయిలా ఉన్నాయి. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ తడుముకుంటూ వెళ్ళి నాలుగో దాని దగ్గర ఆగాయి. ఇంత ముక్క మెత్తగా, పండులా చేతిలోకి వచ్చేసింది. ఆవిడ కాస్త ఆశ్చర్యపోయింది.

"గాలిలో తేమ," అన్నాను ఎవరూ అడక్కుండానే.

వేడినీళ్ళు పోశారు. చిన్న చిన్న కప్పుల్లో అందరికీ ఇచ్చారు. రంగు మాత్రం, చెప్పకేం, దివ్యంగా ఉంది. బ్యాంకు పెద్దమనిషి ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, కళ్ళు పైకెత్తాడు.

"ఈ పులుపు గమనించారా? ఇది వయసుతో వచ్చే పులుపు. కొత్త టీలో దొరకదు."

ముందు వరస మొత్తం గమనించామంది. రెండో వరసలో ఒకాయనకి నది వాసన కూడా తగిలింది. మూర్తిగారు మాత్రం కప్పు దించి, నావైపు వంగి, గొంతు తగ్గించారు.

"కామేశం, ఈ టీ ఎక్కడో తాగినట్టుందయ్యా."

"హాంకౌ టీ అండి. చాలా అరుదు."

"అరుదేమిటి, మా ఇంట్లో రోజూ చేస్తారు. ఇది చారు."

"మెల్లిగా అండి."

"ఉప్పు కూడా సరిపోయింది. ఇంగువ పోపొక్కటే తక్కువ. ఏం చేశావయ్యా?"

జవాబు చెప్పే అవసరం రాలేదు. ఆ మా తన కప్పులో వేళ్ళు పెట్టి, అడుగు నుంచి ఒక వస్తువు పైకి తీసింది. నున్నగా, నిగనిగలాడుతూ, ముదురు గోధుమ రంగులో ఉంది. చింతగింజ. సింగపూర్ ముసలమ్మకి చింతగింజని పరిచయం చేయనక్కర్లేదు, ఇక్కడి చేపల పులుసుకీ అదే ఆధారం. ఆవిడ దాన్ని సాసర్లో పెట్టి, తలెత్తి హాలంతా చూసింది. ఏసీ హాల్లో అంతమందిలో చెమట కారుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. వేలితో నన్ను పక్కగదిలోకి పిలిచింది. మూర్తిగారు నా వెనకే వచ్చారు, పెన్ను జేబులో లోపలికి తోసుకుంటూ.

గదిలో లిన్ మొహం ఎర్రగా ఉంది. "అతుకు నువ్వే వేశావా అంటోంది ఆ మా."

"అవును."

"అసలు ముక్క ఏది అంటోంది."

"తాగేశాం. కానుక అనుకున్నాను. మా ఇళ్ళలో అలాగే ఇస్తారు."

"ఎలా తాగారు అంటోంది."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. "పాలల్లో మరిగించి. అల్లం, ఏలకులు, పంచదార వేసి."

లిన్ చేతులు కట్టుకుంది. "పాలు అని నేను చెప్పను లా. ఆవిడకి బీపీ ఉంది."

ఆ మా ఏమిటి ఏమిటని మనవరాలి మోచెయ్యి పట్టుకుని కుదిపింది. చెప్పక తప్పలేదు. చెప్పింది. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను మనసులో పెట్టె సర్దుకున్నాను. రాజమండ్రి స్టేషన్లో దిగాను. పిల్ల తండ్రి మా ఇంటి నుంచి వెళ్ళిపోతుండగా కూడా చూశాను.

అప్పుడు ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. మాట్లాడుతూ నవ్వుతోంది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. లిన్ ఆ మాటల్ని మాకు చెబుతుంటే ఆ పిల్ల గొంతు కూడా మెల్లిగా మారిపోయింది.

"మా మామగారి తండ్రిని చూస్తే హాంకౌలో దొరలందరికీ దడ అట. పైన మంచి పొడి చల్లి, లోపల చెట్టాకులూ గోదాము ఊడ్చిన దుమ్మూ దట్టించి అచ్చు వేయించేవాడట. దొరలు ఇటుకలో ఇనప ఊచ గుచ్చి చూసినా దొరికేవాడు కాదట. ఓడ వెళ్ళిపోయాకే తెలిసేది. మా ఇల్లు లేచింది ఆ చేతి పనితనం మీద, కాని ఆ మాట వెబ్‌సైట్‌లో రాయలేదు. ఆయన కొడుక్కి ఆ విద్య రాలేదు. నా మొగుడు అమాయకుడు. నా కొడుకు బ్యాంకులో గుమాస్తా. ఈ పిల్లేమో కంప్యూటర్లు. వంశంలో ఆ కళ అంతరించిపోయిందనుకున్నాను. ఇన్నాళ్ళకి ఒకడు కనిపించాడు, వాడూ పరాయివాడే."

తరవాత మూర్తిగారి వైపు తిరిగింది. "ఇతన్ని వెనక్కి పంపేస్తావా?"

"రేపే పంపించేస్తానండి," అన్నారు మూర్తిగారు, చాలా ఉత్సాహంగా.

"పంపకు. ఇలాంటివాడు మన దగ్గరే ఉండాలి. అవతలి కంపెనీ చేతిలో పడితే మనం బతకలేం."

మూర్తిగారు పెన్ను బయటికి తీశారు. నా పాస్ కాగితాల మీద సంతకం పెట్టేశారు. బయట హాల్లో అప్పుడే బొమ్మ పూర్తిగా వచ్చినట్టుంది, చప్పట్లు వినిపించాయి.

వెళ్ళబోతుంటే ఆ మా నన్ను ఆపి, సాసర్లోని గింజను నా అరచేతిలో పెట్టి, ఒక్క మాట అంది. లిన్ దాన్ని చాలా గంభీరంగా చెప్పింది.

"మా మామగారి తండ్రి ఎప్పుడూ గింజ వదల్లేదట లా."

ఆ రోజే, ఆ గదిలోనే, తలవంచి ప్రమాణం చేశాను, ఇప్పుడు మీ అందరి సమక్షంలో మళ్ళీ చేస్తున్నాను. ఒంట్లో ఊపిరుండగా, ఏ దేశపు చరిత్రకి ఎంత అవసరమొచ్చి అతుకు వేయవలసి వచ్చినా సరే, చింతపండును ముందు నానబెట్టి, పిసికి, గింజా పీచూ తీసేసి, పల్చటి గుడ్డలో వడకట్టి గాని వెయ్యను.